నర్సు ఆ రికార్డు చూడొచ్చా?

*రోల్ ఉంటే సరిపోదు.. సందర్భమూ కుదరాలి! సైబర్ సెక్యూరిటీ ఇంటర్వ్యూల్లో తరచూ తడబడే చోటు ఇదే*

ఎంసెట్ రోజు గుర్తుందా? అదే, ఇప్పటి ఈఏపీసెట్. చేతిలో హాల్‌టికెట్ ఉంది. ఫొటో మీదే, పేరూ మీదే. అయినా గేటు దగ్గర నేరుగా లోపలికి పంపలేదు కదా! ఈ సెంటరేనా అని చూశారు. తేదీ చూశారు. ఉదయం సెషనా, మధ్యాహ్నం సెషనా అని చూశారు. వేలిముద్ర వేయించుకున్నారు. అన్నీ సరిపోయినా నిమిషం ఆలస్యమైతే గేటు మూసేస్తారు. ఆ నిమిషం దాటిన కుర్రాడు అభ్యర్థి కాకుండా పోలేదు. అతడి హాల్‌టికెట్ నకిలీదీ కాదు. సందర్భం తప్పింది, అంతే.

కంప్యూటర్ సెక్యూరిటీలో దీనికి నోరు తిరగని పేరొకటి ఉంది: కాంటెక్స్ట్ అవేర్ రోల్ బేస్డ్ యాక్సెస్ కంట్రోల్. మనిషి హోదాను బట్టి అనుమతి ఇవ్వడం సగం పని. ఆ హోదా ఉన్న మనిషి ఇప్పుడు, ఇక్కడ, ఈ పరికరం నుంచి, ఈ పని మీద వచ్చాడా అని చూడటం మిగతా సగం. ఈ రెండో సగాన్ని వివరించమంటే చాలామంది ఫ్రెషర్లు మొదటి సగాన్నే ఇంకోసారి చెబుతారు. ప్యానెల్‌లో కూర్చునేవాడిగా నేను ఎన్నోసార్లు చూసిన దృశ్యమిది.

నేను అడిగే ప్రశ్న చాలా చిన్నది. 'ఒక ఆసుపత్రి ఉంది. నర్సు రోగి రికార్డు చూడాలి. నియమం రాయండి.'

అవతలి నుంచి పది సెకన్లలో జవాబొస్తుంది. 'నర్సు అనే రోల్ క్రియేట్ చేస్తా సర్. దానికి రీడ్ పర్మిషన్ ఇస్తా. నర్సులందరినీ ఆ రోల్‌లో పెడతా.' తప్పేం లేదు. పుస్తకంలో ఉన్నదే. అప్పుడు అసలు సంభాషణ మొదలవుతుంది. గుండె వార్డులో పనిచేసే నర్సు ప్రసూతి వార్డులోని రోగి రికార్డు చూడొచ్చా? డ్యూటీ ముగిసి ఇంటికెళ్లాక చూడొచ్చా? ఆ రోగి ఆమె పక్కింటావిడ అయితే? రాత్రి 2 గంటలకు ఐసీయూలో మనిషి తక్కువై, వేరే వార్డు నర్సును పరుగున పిలిపిస్తే?

'నర్సు రోల్, రీడ్ పర్మిషన్' అన్న జవాబు దగ్గర ఈ ప్రశ్నలన్నిటికీ ఒకటే సమాధానం ఉంది: చూడొచ్చు. అందుకే అది సరిపోదు.

రోల్ ఎక్కడి నుంచి వచ్చింది?

ముందు ఒక తికమక తీర్చుకుందాం. మీరెవరో తేల్చడం ఆథెంటికేషన్. పాస్‌వర్డ్, ఓటీపీ, వేలిముద్ర అన్నీ దీని కిందికే వస్తాయి. మీరేం చేయొచ్చో తేల్చడం ఆథరైజేషన్. మనం మాట్లాడుకుంటున్నది రెండోదాని గురించి. ఇంటర్వ్యూలో ఈ రెండూ కలిపేస్తే తర్వాతి ప్రశ్న రాదు.

ఒక్కో మనిషికి ఒక్కో ఫైలు మీద విడివిడిగా అనుమతులు ఇస్తూ పోతే వెయ్యి మంది ఉన్న సంస్థలో ఎవరికేముందో ఎవరికీ తెలియకుండా పోతుంది. దీనికి విరుగుడుగా అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసే డేవిడ్ ఫెరాయిలో, రిచర్డ్ కున్ 1992లో ఒక పత్రం రాశారు. అనుమతిని మనిషికి కాదు, అతడు చేసే ఉద్యోగానికి కట్టండి అన్నారు. మనుషులు మారుతుంటారు, క్యాషియర్ కుర్చీ మారదు. 1996లో రవి సంధు బృందం దీనికి పద్ధతైన నమూనాలు ఇచ్చింది. ఐఐటీ బాంబేలో చదివిన సంధు పేరు ఈ రంగంలో ఎటు చూసినా ఎదురవుతుంది. 2004లో ఇది అమెరికా జాతీయ ప్రమాణం కూడా అయింది. క్లుప్తంగా ఆర్‌బ్యాక్ అంటారు.

ఆర్‌బ్యాక్‌లో ఫ్రెషర్లు పట్టించుకోని విషయం ఒకటుంది: సెషన్. మీకు మూడు రోల్స్ ఉన్నా, లాగిన్ అయిన ఆ కాసేపట్లో పనికి కావలసిన రోల్ ఒక్కటే తగిలించుకోవచ్చు. అలాగే ఒకే మనిషి రెండు పనులూ చేయకూడదన్న కట్టడి పెట్టొచ్చు. బ్యాంకులో ఎంట్రీ వేసేవారొకరు, ఆమోదించేవారొకరు. మీ ఇంట్లో ఎవరైనా బ్యాంకు ఉద్యోగి ఉంటే మేకర్, చెకర్ అనే మాటలు వినే ఉంటారు. అది ఇదే.

అంటే సందర్భం అన్న విత్తనం ఆర్‌బ్యాక్‌లో మొదటి నుంచీ ఉంది. మొలకెత్తడానికే కొన్నేళ్లు పట్టింది.

120 రోల్స్, ఆపైన 600

మళ్లీ ఆసుపత్రికి వద్దాం. 'సర్, వార్డుకొక రోల్ పెడతా' అంటారు కొందరు. సరే, లెక్క వేద్దాం. 10 వార్డులు, 3 షిఫ్టులు, 4 హోదాలు. గుణిస్తే 120 రోల్స్. ఆసుపత్రికి 5 బ్రాంచీలు ఉంటే 600. 'గుండె వార్డు, రాత్రి షిఫ్టు, సీనియర్ నర్సు, రెండో బ్రాంచి' అనేది ఒక రోల్ పేరు! రేపు ఒక నర్సు సెలవు పెట్టి ఇంకొకరు షిఫ్టు మార్చుకుంటే, అడ్మిన్ కూర్చుని రోల్ తీసి రోల్ తగిలించాలి. తీయడం మర్చిపోతాడు. తగిలించడం మర్చిపోడు. ఎందుకంటే తగిలించకపోతే ఫోన్ వస్తుంది, తీయకపోతే రాదు.

పరిశ్రమలో దీన్ని రోల్ ఎక్స్‌ప్లోజన్ అంటారు. దీపావళి టపాసులా ఒక్కసారిగా పేలదు, పుట్టలా పెరుగుతుంది. మూడేళ్లు గడిచేసరికి ఉద్యోగుల కంటే రోల్స్ ఎక్కువైపోయిన సంస్థలు నిజంగానే ఉంటాయి.

ఇప్పుడు ఇదే పనిని ఇంకోలా రాయండి. రోల్స్ నాలుగే: నర్సు, సీనియర్ నర్సు, డాక్టర్, రికార్డుల గుమస్తా. నియమం ఇలా ఉంటుంది: నర్సు రోల్ ఉండి, డ్యూటీ చార్టులో ఈ గంటకు ఆమె పేరు ఉండి, ఆ చార్టులోని వార్డూ రోగి చేరిన వార్డూ ఒకటై, అడుగుతున్న కంప్యూటర్ ఆసుపత్రిదే అయితే చూడొచ్చు. షిఫ్టు మారితే చార్టు మారుతుంది, నియమం మారదు. రోగిని వేరే వార్డుకు మారిస్తే పాత వార్డు నర్సుకు ఆ రికార్డు దానంతటదే మూసుకుపోతుంది. అడ్మిన్ ఏమీ చేయక్కర్లేదు. 600 రోల్స్ పోయి 4 రోల్స్, గుప్పెడు షరతులు మిగిలాయి.

అడగకపోయినా ఈ గుణకారం బోర్డు మీద వేసి చూపించండి. సిద్ధాంతం అప్పజెప్పినవాడికీ, సమస్య అర్థమైనవాడికీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఇల్లు, గడియారం, మ్యాపు

పరిశోధకులు ఈ దారిలో ఎలా నడిచారో రెండు ముక్కల్లో. 2000 ప్రాంతంలో జార్జియా టెక్‌లో 'అవేర్ హోమ్' అనే ప్రయోగపు ఇల్లు ఉండేది. నిండా సెన్సర్లు. ఆ ఇంటి కోసం మైకేల్ కోవింగ్టన్ తదితరులు, మనుషులకే కాదు పరిసరాలకూ రోల్స్ ఉంటాయన్నారు. 'పనిదినం', 'పడుకునే వేళ' అనేవి కూడా రోల్సే. పిల్లాడు అనే రోల్, పడుకునే వేళ అనే రోల్ కలిస్తే టీవీ ఆన్ కాదు. 2001లో ఎలీసా బెర్టినో, సహ పరిశోధకులు ఫలానా గంటల్లోనే రోల్ మేల్కొనేలా కాలాన్ని జోడించారు. 2005లో ఆమె బృందమే స్థలాన్నీ కలిపి జియో-ఆర్‌బ్యాక్ ఇచ్చింది. ఆ తర్వాత రోల్‌నే పక్కనపెట్టి, మనిషి, వస్తువు, పరిసరాల లక్షణాలన్నిటినీ ఒకే తూకంలో చూసే ఏబ్యాక్ వచ్చింది. 2014లో నిస్ట్ దానికి మార్గదర్శకం విడుదల చేసింది.

మరి ఆర్‌బ్యాక్ పాతబడిపోయిందా? ఇంటర్వ్యూలో ఇది ఉచ్చు ప్రశ్న. నా జవాబు: లేదు. ఆడిటర్ వచ్చి 'ఈ మనిషికి ఏమేం అనుమతులున్నాయి?' అని అడిగితే రోల్స్ ఉన్న సంస్థ ఒక పేజీ ప్రింట్ తీసి ఇస్తుంది. అన్నీ షరతులే ఉన్న సంస్థ 'అది అప్పటి పరిస్థితిని బట్టి ఉంటుందండీ' అని నసుగుతుంది. రోల్ పునాది, సందర్భం దాని మీద కట్టడి. రెండూ కలిపి వాడటమే ఎక్కువచోట్ల నడుస్తున్న పద్ధతి.

ఢాకాలో ఒక గురువారం రాత్రి

ఇదంతా పుస్తకాల గోల అనిపిస్తే, 2016 ఫిబ్రవరి 4 దగ్గరికి రండి. బంగ్లాదేశ్ బ్యాంక్.. పేరు చూసి మామూలు బ్యాంకనుకునేరు, మనకు రిజర్వ్ బ్యాంక్ ఎలాగో ఆ దేశానికి అది అలా. గురువారం రాత్రి. సిబ్బంది ఇళ్లకు వెళ్లిపోయారు. అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. ఆ రాత్రి ఆ బ్యాంకు స్విఫ్ట్ వ్యవస్థ నుంచి న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుకు 35 చెల్లింపు ఆదేశాలు వెళ్లాయి. మొత్తం 95 కోట్ల డాలర్ల పైమాటే.

పంపింది హ్యాకర్లు. కానీ వాడింది అసలైన లాగిన్ వివరాలే. వ్యవస్థ దృష్టిలో ఆ ఆదేశాలు ఇవ్వాల్సిన హోదా ఉన్నవారే ఇచ్చారు. రోల్ సరిగ్గానే ఉంది. తప్పింది మిగతావన్నీ. ఆఫీసు వేళ కాదు, రేపు సెలవు, ఎప్పుడూ లేనంత సొమ్ము, ఎప్పుడూ చూడని ఖాతాలు. 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు చేరిపోయాయి. శ్రీలంకకు వెళ్లిన ఇంకో 2 కోట్ల డాలర్లు మాత్రం దొరికాయి. ఎలాగో తెలుసా? చెల్లింపు వివరాల్లో 'ఫౌండేషన్' అనే మాటకు స్పెల్లింగ్ తప్పుంది. మధ్యలో ఒక బ్యాంకుకు అనుమానం వచ్చి ఆపింది. అక్షరదోషం చేసిన మేలు!

ఇక్కడ అతి చేయకండి. 'కాంటెక్స్ట్ చెక్ ఉంటే దోపిడీ జరిగేదే కాదు' అని ఇంటర్వ్యూలో ఢంకా బజాయిస్తే ప్యానెల్ మిమ్మల్ని పట్టుకుంటుంది. హ్యాకర్లు బ్యాంకు కంప్యూటర్ల లోపలికే చేరారు. చెల్లింపుల కాగితాలు అచ్చుకావాల్సిన ప్రింటర్‌ను కూడా పనిచేయకుండా చేశారు. అంత లోపలికి వచ్చినవాడు గడియారాన్నీ మార్చగలడు. అందుకే సందర్భాన్ని చూసే యంత్రం, కాపలా కాయాల్సిన యంత్రం ఒకటే కాకూడదు. కథలోంచి ఈ ముక్క తీసి చెప్పగలిగితే మీకు విషయం వచ్చినట్టే.

గూగుల్‌కు తగిలిన దెబ్బ ఇంకో రకం. 2009లో ఆ సంస్థ నెట్‌వర్క్‌లోకి చొరబాటు జరిగింది. 'ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్నాడు కాబట్టి మనవాడే' అన్న నమ్మకాన్ని అప్పటి నుంచి వదిలేసుకుని, మనిషినీ పరికరాన్నీ ప్రతిసారీ చూసే బియాండ్‌కార్ప్ అనే పద్ధతికి మారింది. 2014 నుంచి దాని వివరాలు బయటపెట్టింది. 2020 ఆగస్టులో నిస్ట్ ప్రచురించిన జీరో ట్రస్ట్ పత్రంలో ఉన్న సారమూ ఇదే. ఏ సెక్యూరిటీ ఉద్యోగ ప్రకటన చూసినా 'జీరో ట్రస్ట్' అనే మాట కనిపిస్తుంటుంది. దాని లోపల తిరిగే చక్రం మనం మాట్లాడుకుంటున్నదే.

గేటు దగ్గర ఎవరెవరున్నారు?

ఇంటర్వ్యూలో ఆర్కిటెక్చర్ గీయమంటే భయపడొద్దు. పరీక్ష కేంద్రాన్ని తలచుకోండి. గేటు దగ్గర ఆపే మనిషి ఉంటాడు, అది ఎన్‌ఫోర్స్‌మెంట్ పాయింట్. అతడు సొంతంగా నిర్ణయం తీసుకోడు. అనుమానం వస్తే చీఫ్ సూపరింటెండెంట్‌ను అడుగుతాడు, అది డెసిషన్ పాయింట్. ఆయన గోడ గడియారం, అభ్యర్థుల జాబితా, వేలిముద్ర యంత్రం చూసి చెబుతాడు, అవి ఇన్ఫర్మేషన్ పాయింట్లు. నిమిషం నిబంధన రాసింది వాళ్లెవరూ కాదు, కన్వీనర్ కార్యాలయం. అది అడ్మినిస్ట్రేషన్ పాయింట్. ఈ నాలుగు పెట్టెలూ, మధ్యలో బాణాలూ. ఏ ప్రొడక్ట్ తీసుకున్నా పేర్లు మారతాయేమో గానీ పెట్టెలు ఇవే.

అమెజాన్ క్లౌడ్‌లో ఐఏఎం పాలసీ రాసేటప్పుడు 'కండిషన్' అనే భాగం ఉంటుంది. ఏ ఐపీ అడ్రస్ నుంచి, రెండో దశ ధ్రువీకరణ అయిందా లేదా అన్నవి అక్కడ రాస్తారు. మైక్రోసాఫ్ట్ ఎంట్రాలో ఇదే 'కండిషనల్ యాక్సెస్'. లొకేషన్, పరికరం ఆరోగ్యం, సైన్-ఇన్ రిస్క్ చూసి, అనుమతించాలా, ఆపాలా, ఇంకోసారి ఓటీపీ అడగాలా అని తేలుస్తుంది. ఈ మూడో దారిని మర్చిపోకండి. అనుమానం వచ్చిన ప్రతిసారీ తలుపు మూయనక్కర్లేదు, 'ఎవరది?' అని ఇంకోసారి అడిగినా చాలు. మీ బ్యాంకు యాప్ కొత్త ఫోన్లో తెరిస్తే చేసేది అదే.

ఐదున్నర గంటల పాఠం

ఇప్పుడు నా పరువు కాస్త తీసుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక సంస్థకు ఇలాంటి నియమమే రాశాను. ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే ఆ అప్లికేషన్ తెరుచుకోవాలి. రాశాను, నా ల్యాప్‌టాప్‌లో పరీక్షించాను, బ్రహ్మాండంగా పనిచేసింది. సోమవారం ఉదయం లైవ్‌లోకి వెళ్లింది. 9 దాటింది, ఎవరికీ తెరుచుకోలేదు. పదయింది, పదకొండయింది. అకౌంట్స్ సెక్షన్ మొత్తం చేతులు కట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం రెండున్నరకు దానంతటదే తెరుచుకుంది!

సర్వర్ గడియారం యూటీసీలో ఉంది. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. సర్వర్‌కు 9 అయ్యేసరికి మనకు మధ్యాహ్నం 2:30. ఇంకా ఘోరం ఏంటంటే, అది మూసుకునేది రాత్రి 11:30కి. అంటే ఎవరూ ఉండకూడదనుకున్న వేళలోనే తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పొద్దున ఆగింది కాబట్టి మా మేనేజర్ ఫోన్ చేశారు. రాత్రి తెరిచి ఉన్నదాని గురించి ఎవరూ ఫోన్ చేసేవారు కాదు.

అప్పటి నుంచి సందర్భం అనగానే మొదట అడిగేది ఒకటే: ఈ సమాచారం ఎక్కడి నుంచి వస్తోంది, దాన్ని ఎంత నమ్మొచ్చు? ఐపీ అడ్రస్ చూసి ఊరు చెప్పమంటే, రాజమండ్రిలో మొబైల్ డేటా వాడుతున్న మనిషిని చెన్నైలో ఉన్నట్టు చూపించొచ్చు. వీపీఎన్ పెడితే దేశమే మారిపోతుంది. జీపీఎస్‌ను మోసం చేసే యాప్‌లు ఫోన్లో దొరుకుతాయి, హాజరు కోసం వాటిని వాడేవాళ్లూ మీకు తెలిసే ఉంటారు. ఇక 'రాత్రి 2 గంటలకు లాగిన్ అయితే అనుమానించు' అని అమెరికాలో కూర్చుని రాసిన నియమం హైదరాబాద్ గచ్చిబౌలిలోని రాత్రి షిఫ్టు వాళ్లను రోజూ దొంగల్లా చూస్తుంది. వాళ్లకది మామూలు పనివేళ.

ఇంకో కోణం కూడా ఉంది. సందర్భం చూడటమంటే ఉద్యోగిని గమనించడమే. ఎక్కడున్నారు, ఏ ఫోన్ వాడుతున్నారు, ఎన్నింటికి కూర్చున్నారు.. ఇవన్నీ ఎక్కడో నమోదవుతాయి. ఆసుపత్రి కంప్యూటరేనా అని తెలిస్తే చాలిన చోట నర్సు ఫోన్ జీపీఎస్ అడగడం దండగ. అవసరానికి మించి సేకరించకూడదన్న స్పృహ 2023లో మన దేశం చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తర్వాత మరీ ముఖ్యం. తగిన రక్షణ చర్యలు తీసుకోని సంస్థకు ఆ చట్టం కింద 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. సంస్థలు యాక్సెస్ కంట్రోల్ మనుషుల కోసం చూడటానికి ఈ భయం కూడా ఒక కారణం.

అద్దం పగలగొట్టే హక్కు

రాత్రి 2 గంటల ఐసీయూ ప్రశ్న ఇంకా బాకీ ఉంది. వేరే వార్డు నుంచి పరుగున వచ్చిన నర్సు పేరు చార్టులో లేదు. నియమం ప్రకారం తలుపు మూసే ఉంటుంది. రోగికి ఏ మందు పడదో రికార్డులో ఉంది. ఇక్కడ 'రూల్ ఈజ్ రూల్' అంటే ప్రాణం మీదికొస్తుంది.

అందుకే ఆసుపత్రి వ్యవస్థల్లో 'బ్రేక్ గ్లాస్' అనే ఏర్పాటు ఉంటుంది. అగ్నిప్రమాదమప్పుడు అద్దం పగలగొట్టి అలారం నొక్కినట్టు, నర్సు 'అత్యవసరం' అని నొక్కి, కారణం ఒక ముక్క రాసి లోపలికి వెళ్లొచ్చు. కానీ అద్దం పగిలిన చప్పుడు అందరికీ వినిపించాలి. ఎవరు, ఎప్పుడు, ఏ రికార్డు అన్నది నమోదు కావాలి. మర్నాడు ఒక బాధ్యుడు దాన్ని చదవాలి. ఎవరూ చదవని లాగ్ ఉన్నా లేనట్టే. రోజుకు ఇరవై సార్లు అద్దం పగులుతుంటే తప్పు నర్సులది కాదు. మీ నియమం అక్కడి పనికి సరిపోలేదని అర్థం. వెళ్లి వార్డులో ఒక పూట నిలబడి చూడండి.

దీని తమ్ముడు ఇంకో ప్రశ్న. డ్యూటీ చార్టు ఇచ్చే సర్వరే పడిపోతే? తలుపు తెరిచి ఉంచాలా, మూసేయాలా? బ్యాంకు చెల్లింపులైతే మూసేయండి. ఐసీయూ అయితే బ్రేక్ గ్లాస్ దారి తెరిచి ఉంచండి. రెండు చోట్లా ఒకే జవాబు చెప్పేవారికి మార్కులు తగ్గుతాయి. మరో సంగతి: లాగిన్ అప్పుడు చూసి వదిలేయడం చాలదు. 7 గంటలకు డ్యూటీ దిగిన నర్సు స్క్రీన్ 9 వరకు తెరిచే ఉంటే? సెషన్ సాగుతున్నంతసేపూ చూస్తుండాలన్న ఆలోచనను జేహాంగ్ పార్క్, రవి సంధు 2004లోనే యూసేజ్ కంట్రోల్ పేరుతో ప్రతిపాదించారు.

మరి మీరేం చేయాలి?

వెబ్ అప్లికేషన్లలో ఎక్కువగా కనిపించే లోపాల జాబితాను ఓవాస్ప్ అనే సంస్థ కొన్నేళ్లకోసారి విడుదల చేస్తుంది. 2017లో ఐదో స్థానంలో ఉన్న 'బ్రోకెన్ యాక్సెస్ కంట్రోల్' 2021లో మొదటి స్థానానికి ఎక్కింది. ఈ ఒక్క వాక్యం చాలు, ఈ రంగంలో పని ఎందుకుందో చెప్పడానికి.

ఉద్యోగాల పేర్లు వెతికేటప్పుడు 'ఐడెంటిటీ అండ్ యాక్సెస్ మేనేజ్‌మెంట్' అని టైప్ చేయండి. అనలిస్ట్‌గా చేరితే మొదటి ఏడాది పని గొప్పగా ఏమీ ఉండదు, ముందే చెబుతున్నా. కొత్తగా చేరినవారికి అనుమతులు ఇవ్వడం, టీమ్ మారినవారికి మార్చడం, వెళ్లిపోయినవారికి తీసేయడం. మూడింట్లో మధ్యదే కష్టం. టీమ్ మారిన మనిషికి కొత్తవి వస్తాయి, పాతవి పోవు. గది ఖాళీ చేసినా తాళం చెవి జేబులోనే ఉంచుకున్న హాస్టల్ కుర్రాడిలా తిరుగుతుంటాడు. ఆ తాళాలు లెక్కపెట్టి వెనక్కి తీసుకునే పనిలోనే మీకు సంస్థ లోపలి నిర్మాణం అర్థమవుతుంది. కోడింగ్ అంటే కాస్త జంకేవారికి కూడా ఇది మంచి ప్రవేశ ద్వారం. అక్కడే ఆగిపోకూడదనుకుంటే మాత్రం కోడ్ నేర్చుకోవాల్సిందే.

సర్టిఫికెట్లలో మైక్రోసాఫ్ట్ ఎస్‌సీ-300 సూటిగా ఈ పనికి సంబంధించినది. సెక్యూరిటీ మొత్తం మీద పట్టు కోసం కాంప్‌టియా సెక్యూరిటీ ప్లస్ ఉంది. ఫీజు తక్కువేం కాదు, అప్పు చేసి మరీ రాయకండి. ఒక ప్రాజెక్టు చేసి చూపిస్తే నా మట్టుకు నాకు అదే ఎక్కువ. దానికి పైసా ఖర్చు లేదు. లాగిన్, రోల్స్ కోసం కీక్లోక్, నియమాల కోసం ఓపెన్ పాలసీ ఏజెంట్. రెండూ ఉచితమే, రెండూ మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. ఓపెన్ పాలసీ ఏజెంట్‌లో రెగో అనే భాషలో నియమాలు రాయాలి. మొదటి వారం చిరాకు పుట్టిస్తుంది, తర్వాత అలవాటవుతుంది.

ఇదే ఆసుపత్రిని కట్టండి. నాలుగు రోల్స్, ఒక డ్యూటీ చార్టు పట్టిక, పది మంది ఊహాజనిత రోగులు. నిజం పేషెంట్ల డేటా ముట్టుకోవద్దు. అనుమతి వచ్చే పరీక్షల కంటే రాకూడని పరీక్షలు ఎక్కువ రాయండి: డ్యూటీ దిగిన నర్సు, వార్డు మారిన రోగి, సర్వర్ పడిపోయిన రాత్రి. తిరస్కరించిన ప్రతిసారీ ఎందుకో ఒక వాక్యం లాగ్‌లో పడాలి. సమయం ఏ జోన్‌లో ఉందో రాయడం మర్చిపోకండి, నా సోమవారం మీకు రాకూడదు. రెజ్యూమెలో 'ఆర్‌బ్యాక్ తెలుసు' అని రాసే బదులు, '600 రోల్స్ కావాల్సిన చోట 4 రోల్స్‌తో చేశాను' అని రాయండి. ప్యానెల్ తప్పకుండా 'ఎలా?' అని అడుగుతుంది. ఆ ప్రశ్న అడిగించుకోవడమే మీకు కావాల్సింది.

ఆ మధ్య ఒకమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చింది. చిన్న ఊరి కాలేజీ. ఇంగ్లిష్ అక్కడక్కడా తడబడుతోంది. నర్సు ప్రశ్న వేశాం. వార్డు, షిఫ్టు, కంప్యూటర్, అత్యవసరం.. అన్నీ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. మేం తలూపాం. ఇక అయిపోయిందనుకుంటుండగా తనే అడిగింది.

'సర్, ఆ డ్యూటీ చార్టు ఎవరు మారుస్తారు? వాళ్లకు ఏ అనుమతులు ఉండాలో రాయలేదు కదా. చార్టులో తన పేరు తానే ఎక్కించుకోగలిగితే, ఆసుపత్రిలో ఎవరి రికార్డు అయినా చూసేయొచ్చు.'

మిగతా అరగంటా ఆ ప్రశ్న మీదే మాట్లాడుకున్నాం.